ఫోన్‌కు అలవాటుపడిన పసివాళ్లకు జిల్లాల్లోనే థెరపీ అందాలి

సంపాదకులకు,

అయ్యా,

ఒకటో తరగతిలో చేరుతున్న పిల్లల్లో కొందరు ఫోన్‌లో వీడియోలు చకచకా మార్చేస్తున్నారు గానీ, బలపం ఇస్తే గుప్పిట బిగించి పట్టుకుని, రెండు గీతలు గీయగానే చెయ్యి నొప్పి అంటున్నారు. చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకొని తినడం వారికి చేతకావడం లేదు. ఇంట్లో అడిగితే ఫోన్ చూపిస్తే తప్ప ముద్ద దిగదంటున్నారు.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర చూడరాదని, ఏడాదిలోపు వారికి అసలు చూపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మాన్పించమని చెప్పడం తేలికే. ఫోన్ లాక్కోగానే గుక్కపట్టి ఏడ్చే బిడ్డను ఏం చేయాలో ఆ తల్లికి చెప్పేవారే కరువయ్యారు. రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తర్ఫీదిచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టు చేసే పని సరిగ్గా ఇదే. బిడ్డ ఏ స్పర్శకు, ఏ శబ్దానికి బెదురుతున్నాడో, చేతివేళ్లలో పట్టు ఎంత ఉందో, ఒకచోట ఎంతసేపు కూర్చోగలడో గమనించి, చపాతీ పిండి పిసకడం, దగ్గరుండి చింతపిక్కలు ఏరించి డబ్బాలో వేయించడం, ఉయ్యాల ఊపడం వంటి ఆటలనే చికిత్సగా మలుస్తారు. ముందుగా ఒక పూట భోజనం ఫోన్ లేకుండా ఎలా పెట్టాలో తల్లికి పక్కనే కూర్చుని నేర్పుతారు. నా దృష్టిలో సగం థెరపీ అదే.

ఫోన్ వల్లే ఆటిజం (మాటలో, నలుగురితో కలవడంలో తేడా కనిపించే ఎదుగుదల సమస్య) వచ్చిందని, ఇన్ని నెలల్లో నయం చేస్తామని ప్యాకేజీలు అమ్మే ప్రకటనలను మాత్రం నమ్మరాదు. ఫోనే ఆటిజానికి కారణమని రుజువు కాలేదు. మాటలు ఆలస్యమైతే ముందుగా పిల్లల వైద్యుడికి చూపించి, వినికిడి పరీక్ష చేయించాలి.

ఈ థెరపీ నగరాల్లో ప్రైవేటుగా దొరుకుతున్నా, కూలిపని మానుకుని వారం వారం బిడ్డను అంతదూరం తీసుకెళ్లడం పేదలకు సాధ్యం కాదు. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, ఎదుగుదల లోపాలున్న పిల్లలకు చికిత్స అందించే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. ఆక్యుపేషనల్ థెరపిస్టు లేని కేంద్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఆ నియామకాలు చేపట్టి, నెలకొకసారైనా వారిని మండల కేంద్రానికి పంపాలి. ఎదుగుదల లోపాలను ముందే గుర్తించేలా అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇప్పించే బాధ్యత కూడా ఆ కేంద్రాలకే అప్పగించాలని కోరుతున్నాను.

– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, తెనాలి