క్రియ మరుసటి తునకకు జారకూడదు: మిత్రుడికి ఉత్తరం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. వచ్చే నెల నుంచి నీ రసాయనశాస్త్ర పాఠాలన్నీ మూడుల్ అనే ఆన్‌లైన్ కోర్సుల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలని, ప్రతి వీడియోకూ క్యాప్షన్లు, అంటే పలికే మాటలు తెర మీద అక్షరాలుగా, ఉండాలని మీవాళ్లు చెప్పారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశావు. ఏ మీట ఎక్కడ నొక్కాలో ఫోన్‌లో పది నిమిషాల్లో చెప్పేయవచ్చు. కానీ ఈ విషయంలో నేను చేసిన ఒక తప్పు వల్ల ఒక విద్యార్థిని రెండు వారాలు ఇబ్బంది పడింది. ముందుగా ఆ సంగతి నీకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

భిన్నాల పాఠాన్ని రికార్డు చేసినప్పుడు, మాటను అక్షరంగా మార్చే ఒక సాధనంతో క్యాప్షన్లు తయారు చేయించి, మొదటి నిమిషం చూసి, బాగానే ఉందనుకుని కోర్సులో పెట్టేశాను. వినికిడి తక్కువగా ఉన్న ఆ అమ్మాయి పాఠం మొత్తాన్నీ ఆ అక్షరాల మీదే ఆధారపడి చదువుకుంది. నేను 'హారం' అన్న చోటల్లా యంత్రం 'ఆహారం' అని రాసింది. అది ఆమె తేలికగానే సరిదిద్దుకుంది. అసలు చిక్కు వేరే చోట వచ్చింది. 'హారం సున్నా కాకూడదు' అన్న వాక్యంలో చివరి మాట దగ్గర నా గొంతు తగ్గిపోయింది, యంత్రం ఆ మాటను వదిలేసింది, తెర మీద 'హారం సున్నా' అని మాత్రమే మిగిలింది. ఆమె నోటు పుస్తకంలో అదే రాసుకుని, రెండు వారాల పాటు లెక్కలు కుదరక, చివరికి నా దగ్గరకు వచ్చి ఎంతో మర్యాదగా అడిగింది. ఆ పూట నా వీడియోను శబ్దం పూర్తిగా ఆపేసి మొదటిసారి చూశాను. ఆ ఇరవై నిమిషాలు నేను మరచిపోలేను.

మన భాషలో వ్యతిరేకార్థం వాక్యం చివర వస్తుంది. కాదు, లేదు, కూడదు, వద్దు, చేయలేం: ఇవన్నీ ఊపిరి అయిపోయే చోట, గొంతు దిగిపోయే చోట పలికే మాటలే. యంత్రం సరిగ్గా అక్కడే తడబడుతుంది. కనుక నువ్వు యంత్రం రాసిన పాఠాన్ని సరిచూసేటప్పుడు అచ్చు తప్పుల కంటే ముందు ప్రతి వాక్యం తోకను చూడు. వెబ్ అందుబాటు ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ కూడా యంత్రం తనంత తాను రాసిన క్యాప్షన్లు, అవి సరైనవేనని నిర్ధారించనంత వరకు, సరిపోవనే చెబుతుంది. 2008లో వచ్చిన వారి మార్గదర్శకాల్లో రికార్డు చేసిన వీడియోకు క్యాప్షన్లు ఉండాలన్న నియమం అన్నింటికంటే కింది మెట్టయిన ఎ స్థాయిలోనే ఉంది. అంటే అది ఉంటే మంచిదనే కోవలోది కాదు, తప్పకుండా ఉండవలసిన వాటిలోనిది.

తప్పు దిద్దిన తర్వాత కూడా నా పని పూర్తి కాలేదు. క్యాప్షన్ ఫైలు అంటే మామూలు అక్షరాల ఫైలే. మాటలను చిన్న చిన్న తునకలుగా కోసి, ఒక్కో తునక ఎప్పుడు కనిపించాలో, ఎప్పుడు పోవాలో పైన రాస్తారు. నేను దిద్దిన ఫైలులో ఆ వాక్యం ఇలా ఉంది:

00:04:12.000 --> 00:04:14.000
ఇక్కడ గుర్తుంచుకోండి, హారం సున్నా

00:04:14.000 --> 00:04:16.000
కాకూడదు. ఎందుకంటే

మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా చదివేవారికి రెండు క్షణాల పాటు కనిపించేది 'హారం సున్నా' మాత్రమే. ఆ తర్వాత 'కాకూడదు' అనే మాట తల లేకుండా వచ్చి, మరో వాక్యపు మొదటి ముక్కతో కలిసి కూర్చుంటుంది. వినేవారికి గొంతు విరుపు దారి చూపుతుంది, చదివేవారికి ఆ సాయం ఉండదు. దాన్ని ఇలా మార్చాను:

00:04:12.000 --> 00:04:13.300
ఇక్కడ గుర్తుంచుకోండి,

00:04:13.300 --> 00:04:15.400
హారం సున్నా కాకూడదు.

ఇంత చిన్న మార్పు కోసం ఇన్ని మాటలు ఎందుకని అనుకోకు. క్రియ మరుసటి తునకకు జారకుండా చూసుకోవడమే తెలుగు క్యాప్షన్లలో ముఖ్యమైన పని అని నా అభిప్రాయం. ఒక్కో తునకకు రెండు వరుసలు మించనీయకు. మన వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరుసలు ఎక్కువైతే చిన్న ఫోన్ తెర మీద అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ఇక ఫైలు సంగతి. బ్రౌజర్ చదవగలిగే రూపం వెబ్‌వీటీటీ. దాని మొదటి వరుసలో ఆ పేరే ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో (WEBVTT) ఉండాలి. చాలా సాధనాలు ఎస్సార్టీ రూపంలో ఫైలు ఇస్తాయి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి గాని, ఎస్సార్టీలో సెకన్లకూ మిల్లీసెకన్లకూ మధ్య కామా ఉంటుంది, వెబ్‌వీటీటీలో చుక్క ఉంటుంది. ఫైలు పేరు చివర మాత్రమే మార్చి పెడితే క్యాప్షన్లు కనిపించవు, ఎందుకు కనిపించలేదో తెరా చెప్పదు. నేను ఒక మధ్యాహ్నమంతా దానికే పోగొట్టుకున్నాను. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి వెబ్‌వీటీటీగా సేవ్ చేస్తే సరిపోతుంది. అందులో శబ్దపు అలలు కూడా కనిపిస్తాయి కాబట్టి, మాట ఎక్కడ మొదలైందో కంటితో చూసి సమయాలు సరిచేసుకోవచ్చు. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి, యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూసుకో. పాత నోట్‌ప్యాడ్‌లో అలవాటుగా సేవ్ చేస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి.

మూడుల్‌లో పెట్టడం తేలిక. కోర్సులో ఎడిట్ మోడ్ తెరిచి, ఒక పేజీ చేర్చి, రాసే పెట్టె పైనున్న వీడియో బొమ్మను నొక్కితే వీడియోను ఎక్కించే చోటు వస్తుంది. అక్కడే సబ్‌టైటిళ్లు, క్యాప్షన్ల భాగం ఉంటుంది. ఈ రెండింటికీ వేర్వేరు గడులు ఉండటానికి కారణం ఉంది. సబ్‌టైటిల్ అంటే శబ్దం వినగలిగినా ఆ భాష రానివారికి మాటల అనువాదం. క్యాప్షన్ అంటే శబ్దమే వినలేనివారికి మాటలూ, మాటలు కాని శబ్దాలూ. నువ్వు క్యాప్షన్ల గడిలోనే ఫైలు పెట్టి, భాష తెలుగు అని ఎంచుకుని, మొదటి నుంచీ కనిపించేలా డిఫాల్ట్ అన్న చోట గుర్తు పెట్టు. అక్కర్లేనివారు వీడియో మీదుండే సీసీ (క్యాప్షన్ల) మీట నొక్కి ఆపేసుకుంటారు. సర్వర్ అనుమతించే పరిమాణం కన్నా వీడియో పెద్దదై యూట్యూబ్‌లో ఉంచవలసి వస్తే, క్యాప్షన్ ఫైలును కూడా యూట్యూబ్‌లోనే ఎక్కించు, మూడుల్‌లో పెట్టే వీడియో చిరునామాతో పాటు క్యాప్షన్లూ రావాలి కదా.

ఒక జాగ్రత్త మాత్రం ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. వీడియోను కత్తిరించడం, అతికించడం అంతా పూర్తయ్యాకే క్యాప్షన్లు మొదలుపెట్టు. తర్వాత మొదట్లో ఎనిమిది సెకన్లు తీసేశావంటే, చివరి వరకు ప్రతి తునకా ఎనిమిది సెకన్లు ఆలస్యంగా వస్తుంది. అన్నింటినీ ఒకేసారి ముందుకు జరిపే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉంది గాని, మధ్యలో రెండు మూడు చోట్ల కోతలు పడితే కూర్చుని మళ్లీ చేయాల్సిందే. పది నిమిషాల పాఠానికి నాకు దాదాపు గంట పడుతోంది. అందులో యంత్రం చేసే పని తక్కువ, చదివి దిద్దే పని ఎక్కువ.

నీ పాఠాల విషయానికి వస్తే నాకు ముందుగా గుర్తొచ్చింది హైడ్రోజన్ పరీక్ష. మండుతున్న పుల్లను పరీక్షనాళిక మూతి దగ్గర పెట్టగానే ఠప్‌మని వచ్చే శబ్దమే అక్కడ రుజువు. 'ఇప్పుడు వినండి' అని నువ్వు చెప్పి ఊరుకుంటే, వినలేనివారికి ఆ ప్రయోగం జరగనట్టే. అక్కడ చదరపు కుండలీకరణాల్లో [ఠప్‌మని శబ్దం] అని, సరిగ్గా ఆ క్షణంలో కనిపించేలా పెట్టు. ముందు కనిపిస్తే ఫలితం ముందే చెప్పినట్టవుతుంది, ఆలస్యమైతే వారు తెర మీద దేన్ని చూశారో దానికీ దీనికీ పొంతన కుదరదు. గదిలో పంకా శబ్దం, కుర్చీ జరిపిన శబ్దం లాంటివి రాయనక్కర్లేదు. పాఠానికి అర్థం ఇచ్చే శబ్దమైతేనే రాయాలి.

బోర్డు దగ్గర 'ఇది ఇక్కడికి వస్తుంది, దాన్ని అటు తీసుకెళితే' అనే అలవాటు మన ఇద్దరికీ ఉంది. క్యాప్షన్ చదువుతున్న విద్యార్థి కన్ను తెర అడుగున ఉంటుంది. నువ్వు వేలితో చూపిన చోటుకు ఆ కన్ను వెళ్లేసరికి వేలు తీసేసి ఉంటావు. 'ఆక్సిజన్ ముందున్న 2' అని పేరుతో చెబితే అందరికీ అందుతుంది. దీన్ని తర్వాత క్యాప్షన్‌లో దిద్దలేం, రికార్డు చేసేటప్పుడే చూసుకోవాలి. అలాగే సమీకరణాలను తెర కింది భాగంలో రాయకు, క్యాప్షన్లు వాటి మీదే పడతాయి. తప్పనిసరైతే వెబ్‌వీటీటీలో సమయం పక్కనే ఒక చిన్న సూచన రాసి ఆ తునకను తెర పైభాగానికి మార్చవచ్చు. అది ఎలాగో అవసరం వచ్చినప్పుడు చెబుతాను.

ముందుగా ఒకే ఒక్క పాఠంతో మొదలుపెట్టు, అది హైడ్రోజన్ పాఠమే అయితే మరీ మంచిది. కోర్సులో ఎక్కించక ముందు వీడియోనూ క్యాప్షన్ ఫైలునూ నాకు పంపు. శబ్దం ఆపేసి మొత్తం చూస్తాను, ఎక్కడ అర్థం కాకపోతే అక్కడి సమయం రాసి ఆ రాత్రే తిరిగి పంపుతాను.

ఇట్లు
నీ స్నేహితుడు