పసిపిల్లల తల్లులకూ వార్డు సమావేశాల్లో చోటివ్వాలి

సంపాదకులకు,

బిడ్డ పుట్టకముందు మా కాలనీలో తాగునీరు, మురుగుకాలువల సమస్యలపై జరిగే సమావేశాలకు తప్పకుండా వెళ్లేదాన్ని. అవి రాత్రి ఏడు గంటలకు, అంటే పిల్లలకు పెరుగన్నం పెట్టి నిద్రపుచ్చే వేళకు మొదలవుతుండడంతో ఇప్పుడు వెళ్లలేకపోతున్నాను. ఒకసారి పాపను ఎత్తుకొని వెళితే మైకు చప్పుడుకు ఉలిక్కిపడి ఏడ్చింది, వెంటనే వెనుక వరుస నుంచి ఎవరో "ఇంటి దగ్గర చూసుకునేవాళ్లు లేరా అమ్మా?" అన్నారు. తండ్రులను ఆ మాట అడగగా నేను ఎన్నడూ వినలేదు.

1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 3 లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని నిర్దేశించింది. గుంటూరు, విజయవాడ రెండూ ఆ పరిధిలోనివే. కాలువపై పలక లేకపోయినా, అంగన్‌వాడీకి నీళ్లు రాకపోయినా ముందుగా ఇబ్బంది పడేది పసివాళ్లు కనుక, వారిని చంకనెత్తుకొని తిరిగేవారి మాట అక్కడ వినిపించి తీరాలి. ఆదివారం ఉదయం మున్సిపల్ పాఠశాలలో సమావేశం పెట్టి, పక్కగదిలో చాపలు పరచి, పిల్లలను కనిపెట్టుకోవడానికి ఒక ఆయమ్మను ఉంచితే చాలు. అందుకు పెద్దగా ఖర్చు కాదు.

ఈలోగా నా తోటి తల్లులకు ఒక విన్నపం. కాన్పు తరువాత ఇల్లు మారినవారు బిడ్డ నిద్రపోతున్నప్పుడే ఫోనులో ఫారం 8 నింపి, ఓటరు జాబితాలో చిరునామా మార్పించుకోవచ్చు. మన రెండు నగరాల అధికారులు సమావేశాల వేళలను నిర్ణయించేటప్పుడు పైసూచనను పరిశీలించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు