హెడ్మాస్టర్ అవ్వాలంటే అకౌంట్స్ టెస్ట్ పాసైతే సరిపోతుందా?

సంపాదకులు గారికి నమస్కారం,

హెడ్మాస్టర్ ప్రమోషన్ల సీనియారిటీ లిస్టు వచ్చినప్పుడల్లా పేపర్లలో వార్తలొస్తాయి, ఎవరికి అన్యాయం జరిగింది, రోస్టర్ (రిజర్వేషన్ల వరుస) ఎక్కడ తప్పింది, ఏ యూనియన్ ఏమంది అని. రాయాల్సిందే, కాదనను. కానీ ఆ కుర్చీలో కూర్చోబోయే మనిషి పిల్లలకి ఏం నేర్పాలి ఎలా నేర్పాలి అన్నదాని మీద బీఈడీ తర్వాత ఇంకేమన్నా చదివాడా లేదా అని మాత్రం ఎవరూ అడగరు, యూనియన్లూ అడగవు, ఆఫీసర్లూ అడగరు.

బయటవాళ్లకి తెలీదు కాబట్టి చెప్తున్నా. మన ఏపీలో స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే టీచర్, హైస్కూల్ హెడ్మాస్టర్ అవ్వాలంటే సీనియారిటీ రావాలి, డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసవ్వాలి. జీఓ (గెజిటెడ్ ఆఫీసర్) టెస్టులో విద్యాశాఖ చట్టాలు, సర్వీస్ రూల్సు, ఈఓ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్) టెస్టులో అకౌంట్స్, బిల్లుల గొడవ. అవి అక్కర్లేదని కాదు, జీతాల బిల్లు తప్పుపోతే స్టాఫంతా మీదపడతారు. కానీ ఇరవై ఏళ్ల కిందటి బీఈడీతో, ఈ రెండు టెస్టులతో ఒక మనిషి నాలుగైదు వందల మంది పిల్లల చదువుకి పెద్దదిక్కు అయిపోతాడు, ఇది మనకి వింతగా కూడా అనిపించదు.

ఇప్పుడు ఆ పెద్దదిక్కు నెత్తిన ఐదారేళ్లలో ఏమేం పడ్డాయో చూడండి. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలొచ్చాయి. 2022లో జీఓ 117 అనే ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది, 3, 4, 5 తరగతుల పిల్లల్ని చాలా చోట్ల హైస్కూళ్లలో కలిపారు, 2025లో ఆ జీఓ తీసేసి బడుల్ని మళ్లీ ఇంకో రకంగా సర్దారు. వెయ్యి స్కూళ్లకి సీబీఎస్ఈ అన్నారు, తర్వాత అక్కడి పదో తరగతి పిల్లల్ని తిరిగి స్టేట్ బోర్డుకే పంపారు. టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష అన్నారు. 2024 జనవరిలో ఐబీతో (ఇంటర్నేషనల్ బాకలారియేట్, విదేశీ సిలబస్ సంస్థ) ఒప్పందం అన్నారు, ఎన్నికలయ్యాక అది పక్కకి పోయింది. ఏ ప్రభుత్వం చేసింది మంచిది, ఏది చెడ్డది అని నేను తూచట్లేదు, ఆ పని వాట్సాప్‌లో బోలెడుమంది చేస్తున్నారు. నేను చెప్పేది ఒకటే, వీటిలో ప్రతిదీ కరికులం మార్పు, ప్రతిదాన్నీ చివరికి బడిలో ఎవరో ఒకరు కూర్చుని మా పిల్లలకి ఎలా సరిపోతుందో చూసుకోవాలి, ఆ ఎవరో ఒకరు హెడ్మాస్టరే, ఆయనకి మనం నేర్పింది ట్రెజరీ బిల్లు.

కరికులం డిజైన్ అంటే ఏదో పెద్ద యూనివర్సిటీ మాట అనుకుంటారు. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం అకరణీయ సంఖ్యలతో మొదలవుతుంది, క్లాసులో సగం మందికి భాగహారమే రాదు అనుకోండి. అప్పుడు ఏం చెయ్యాలి? ఏ పాఠం ముందుకి తేవాలి, ఏది కుదించాలి, భాగహారాన్ని విడిగా నేర్పాలా లేక భిన్నాలతో కలిపి అక్కడే నేర్పాలా, పిల్లాడికి వచ్చిందో లేదో పరీక్షలు వచ్చేదాకా ఆగకుండా ఎలా తెలుసుకోవాలి, ఇదంతా ఒక చదువు, దానికి పద్ధతులున్నాయి. మాకు స్టాఫ్ మీటింగ్‌లో వచ్చే ప్రశ్న మాత్రం ఒక్కటే, సిలబస్ ఎంతవరకు అయ్యింది. పదో తరగతికి వంద రోజుల ప్లాన్ పై నుంచే వస్తుంది, ఊరేదైనా పిల్లలెవరైనా అదే ప్లాన్.

లీడర్‌షిప్ సంగతి ఇంకా విచిత్రం. హెడ్మాస్టర్ గారు క్లాసుకి వచ్చారంటే టీచర్ గుండె ఝల్లుమంటుంది, ఎందుకంటే లెసన్ ప్లాన్ రాశారా లేదా చూసి సంతకం పెట్టడానికే వస్తారు. వెనక బెంచీలో కూర్చుని పాఠం మొత్తం విని, సాయంత్రం టీ తాగుతూ ‘మేడమ్, ఆ ప్రశ్న అడిగాక రెండు నిమిషాలు ఆగి ఉంటే వెనక వాళ్లు కూడా చెప్పేవాళ్లేమో’ అనే హెడ్మాస్టర్లు లేకపోలేదు, నాకు ఒకాయన దొరికారు, నా అదృష్టం. కానీ అది ఆయన సొంత గుణం, డిపార్ట్‌మెంట్ నేర్పింది కాదు. మిగతావాళ్లని కూడా అనలేం, యాప్‌లో అటెండెన్స్, మధ్యాహ్న భోజనం లెక్కలు ఎక్కించడం, ఇవయ్యేసరికి లాంగ్ బెల్ కొడతారు.

మరి బీఈడీ తర్వాత ఎంఈడీ (ఎడ్యుకేషన్‌లో పీజీ) చెయ్యొచ్చు కదా అంటారు. ఎలా చెయ్యమంటారు? టీచర్ శిక్షణ కోర్సులకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ 2014 రూల్స్ ప్రకారం ఎంఈడీ రెండేళ్లు, ఏడాదికి 200 పని దినాలు, 80 శాతం హాజరు. ఉద్యోగం చేసుకుంటూ ఇది కుదిరే పనేనా. సెలవు పెట్టి పోదామంటే మన సబ్జెక్టుకి బదులు టీచర్ రాడు, పిల్లలు నష్టపోతారు. దాంతో ఏమైందంటే ‘రానక్కర్లేదు, పరీక్షలకి వస్తే చాలు’ అనే కాలేజీలు పుట్టాయి, ఫీజు కాస్త ఎక్కువ, డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) కూడా వాళ్లే రాయించి పెడతారు. ఇది అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. నేను వేరే దారిలో ఇగ్నో నుంచి దూరవిద్యలో ఎంఏ ఎడ్యుకేషన్ చేశా, సర్వీస్ రిజిస్టర్‌లో ఎంట్రీ పడింది, అక్కడితో దాని కథ అయిపోయింది, ఇది చదివావు కదా దీన్ని బడిలో ఎలా వాడదాం అని ఏ ఆఫీసూ అడగలేదు.

2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ కొత్త డ్రాఫ్ట్ రూల్స్ పెట్టింది. అందులో ఏడాది ఎంఈడీతో పాటు, ఉద్యోగం చేసేవాళ్ల కోసం రెండేళ్ల పార్ట్ టైమ్ ఎంఈడీ కూడా ఉంది. నాకు సంతోషమూ ఉంది, భయమూ ఉంది. ఇప్పుడున్న సిలబస్‌నే, అదే పియాజే నోట్సు, అదే కొఠారి కమిషన్ సిఫార్సులు బట్టీ కొట్టించి పార్ట్ టైమ్‌లో ఇస్తే ఆ రానక్కర్లేని కాలేజీలకి పండగే. అలా కాకుండా టీచర్ తన సొంత బడినే పాఠంగా తీసుకుని చదవాలి, అసైన్‌మెంట్ అంటే తన క్లాసుకి ఒక టర్మ్ ప్లాన్ తయారుచేసి, నడిపి, పిల్లల నోటుబుక్కులతో సహా తెచ్చి చూపించడం, ఇంకో టీచర్ పాఠం చూసి మాట్లాడి వచ్చి అక్కడ ఏం జరిగిందో రాయడం. పాత ఉమ్మడి జిల్లాకో డైట్ (జిల్లా టీచర్ శిక్షణ సంస్థ) ఉంది, 1986 జాతీయ విద్యావిధానం పుణ్యమా అని వచ్చినవే, లెక్చరర్లు లేక చాలావరకు డిప్యుటేషన్ల మీద నెట్టుకొస్తున్నాయి. పోస్టులు నింపి, యూనివర్సిటీతో కలిపి, శనివారాలు, సెలవుల్లో ఈ కోర్సు అక్కడే నడపొచ్చు. ఢిల్లీలో నీపా అనే కేంద్ర విద్యా సంస్థ స్కూల్ లీడర్‌షిప్ మీద పీజీ డిప్లొమా పెట్టింది, మన రాష్ట్రానికి తెలుగులో అలాంటిది ఎందుకుండకూడదు?

రాజధాని ప్లాన్ సింగపూర్ నుంచి తెచ్చుకున్నాం, ఇది కూడా అక్కడి నుంచే తెచ్చుకోవచ్చు, అక్కడ ప్రిన్సిపాల్ కాబోయేవాళ్లని ఎంపిక చేసి కొన్ని నెలలు పూర్తిగా చదువులోనే పెడతారు. మన 2020 జాతీయ విద్యావిధానం హెడ్మాస్టర్లకి ఏడాదికి 50 గంటల శిక్షణ అంటోంది. ఆ గంటలు మన దగ్గర ఎలా నిండుతున్నాయో, వీడియో ఆన్ చేసి ఫోన్ పక్కన పెట్టే ప్రతి ఒక్కరికీ తెలుసు.

సీనియారిటీకి ఎసరు పెడుతున్నాడు వీడు అని నా తోటి టీచర్లే తిడతారని తెలుసు. సీనియారిటీ ఉండనివ్వండి, లిస్టులో వచ్చే నాలుగైదేళ్లలో ప్రమోషన్‌కి దగ్గరగా ఉన్నవాళ్లకే ముందు ఈ కోర్సు ఇవ్వండి, ఖర్చు ప్రభుత్వం పెట్టాలి, ఆ రోజుల్లో క్లాసుకి అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్‌ని (తాత్కాలిక టీచర్‌ని) ఇవ్వాలి, జీఓ, ఈఓ టెస్టులతో పాటు దీన్ని కూడా అర్హతల్లో చేర్చాలి. టీచర్ ఎమ్మెల్సీలు ఓట్లకి వచ్చినప్పుడు పీఆర్‌సీ (జీతాల సవరణ), డీఏ బకాయిలు అడుగుతాం, ఈసారి వచ్చినప్పుడు ఇది కూడా అడుగుదాం, కనీసం శాసన మండలిలో ఒక ప్రశ్న వేయమని.

ఇట్లు,
ఒక జెడ్పీ హైస్కూల్ స్కూల్ అసిస్టెంట్,
ప్రకాశం జిల్లా