ఏ లెక్కలో ఆ శాతం? కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారములు. ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. శాతం అనే మాట వినబడగానే ‘దేనిలో శాతం?’ అని అడగాలని వారికి మొదటి రోజే చెప్పేవాడిని. ఇప్పుడు టీవీ ముందు కూర్చుంటే ఆ ప్రశ్నకు జవాబివ్వని ప్రకటనలే ఎక్కువగా కనబడుతున్నాయి.

తమ హ్యాండ్‌వాష్ 99.9 శాతం క్రిములను చంపుతుందని తెల్లకోటు వేసుకున్న మనిషి చెబుతాడు. పది లక్షల క్రిములుంటే అప్పటికీ వెయ్యి మిగులుతాయన్న సంగతి అలా ఉంచినా, ఆ లెక్క సాధారణంగా ప్రయోగశాలలో, ఎంచుకున్న కొన్ని రకాల క్రిముల మీద, నిర్ణీత సమయం పాటు పరీక్షించి తేల్చినదే గానీ, ఆటల నుంచి వచ్చి అన్నానికి తొందరపడుతూ చేతులు తడిపామనిపించుకునే పిల్లవాడి అరచేతుల మీద తేల్చినది కాదు. అంకె నిజమే కావచ్చు. బిడ్డకు జబ్బు రాకూడదని ఆ సీసా కొనే తల్లికి అందే అర్థం మాత్రం వేరు.

ఇలాంటి మాటలకు ఆధారం అడిగితే ఏమవుతుందో మీ శాఖ పరిధిలోని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థే చూపించింది. ప్రపంచవ్యాప్తంగా దంతవైద్యులు సిఫారసు చేస్తున్నారన్న సెన్సోడైన్ ప్రకటనకు ఆధారంగా చూపిన సర్వేలు భారతదేశంలోని దంతవైద్యులతో మాత్రమే జరిపినవని గుర్తించి, 2022లో 10 లక్షల రూపాయల జరిమానా విధించింది. ఆ చర్యను మనసారా అభినందిస్తున్నాను.

అదే ఏడాది జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో ఏ భాషలో గొప్ప చెప్పుకుంటారో, దాని షరతులనూ ఆ భాషలోనే, అదే అక్షర శైలిలో, స్పష్టంగా కనబడేలా చూపాలి. కానీ తెలుగు గొంతుతో వినిపించే ప్రకటనల అడుగున షరతులు నేటికీ ఆంగ్లంలో, చీమల బారులా, చదివేలోపే మాయమవుతున్నాయి. టీవీని ఆపి కళ్లద్దాలు సవరించుకున్నా నాకే అవి అందడం లేదు; చదువుకునే అవకాశం దొరకని వారికి ఆ అక్షరాలు ఉన్నా లేనట్టే.

అందువల్ల, అంకె చెప్పే ప్రతి ప్రకటనలోనూ ఎంతమంది మీద, దేనితో పోల్చి, ఎక్కడ పరీక్షించారో అదే గొంతుతో తెలుగులో చెప్పించేలా నిబంధన తేవాలని, ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా ప్రాంతీయ భాషల ఛానెళ్లను తరచూ పరిశీలించేలా ఆ సంస్థను ఆదేశించాలని, కంపెనీలు సమర్పించే పరీక్షా నివేదికలను ప్రజలందరికీ అందుబాటులో ఉంచాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు,
తెనాలి