సైలెన్సర్ పైపు కూర్చోకపోతే
తిరుపతి

మామా,

నీ ఉత్తరం అందింది. నీ స్కూటర్ కొత్త సైలెన్సర్ ముందర ఇంజిన్‌కి బిగిస్తే వెనక బోల్టు రంధ్రం అంగుళం పక్కకుండాదని, వెనకది బిగిస్తే ముందర ఫ్లాంజి (పైపుని ఇంజిన్‌కి బిగించే పలక) నోరు తెరుస్తా ఉండాదని రాసినావు. కంపెనీది కాని పైపుల్లో ఇది మామూలే. "బోల్టు పెట్టి లాగేస్తే అదే కూర్చుంటాది" అని మెకానిక్ అంటే మాత్రం ఒప్పుకోవద్దు మామా, నీకు దండం పెడతా. అట్ట లాగి బిగించిన పైపు ఎప్పుడూ బిగదీసుకునే ఉంటాది. దానికి వేడి, అదురు తోడైతే బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర చీలిక వస్తాది. లేదా ముందరుండే 6 మిల్లీమీటర్ల స్టడ్డు (తల లేని మర బోల్టు) తెగిపోతాది, లేదంటే ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్డులోంచి మర చుట్లతో సహా ఊడొస్తాది. అప్పుడు హెడ్డు విప్పాల్సిందే.

ముందు పాత గ్యాస్కెట్ (ఫ్లాంజికీ ఇంజిన్‌కీ మధ్య పెట్టే రింగు) లోపలే అతుక్కుని ఉండాదేమో చూడు. దానిమీద కొత్తది వేస్తే పైపు ఎడంగా నిలబడతాది, తప్పంతా పైపుదే అనుకుంటాం. దాన్ని గీకి తీసి, కొత్తది పెట్టి, ముందర రెండు నట్లూ చేత్తోనే తిప్పి ఆపు. ఇప్పుడు వెనక రంధ్రం యాడుండాదో, ఎంత తేడానో సుద్దముక్కతో గీసుకో. రెండు మూడు మిల్లీమీటర్లయితే వంచే పనే లేదు, గుండ్రటి ఆకురాయితో రంధ్రాన్ని కోలగా రాసి పెద్ద వాషర్ వేస్తే చాలు. బ్రాకెట్‌కీ ఇంజిన్‌కీ మధ్య సందుంటే బుష్ (చిన్న గొట్టం ముక్క) పెట్టు.

నీది అంగుళం కాబట్టి వంచాల్సిందే. కానీ భయపడొద్దు. వంపు దగ్గర్నుంచి రంధ్రం దాకా 40 సెంటీమీటర్లుంటే, అంగుళం అంటే మూడున్నర డిగ్రీలే. ఇంత చిన్న వంపుకి, పైపు సొట్టపోకుండా లోపల ఇసుక నింపి బిరడా కొట్టక్కర్లేదు. తిన్నని పైపుని కొత్తగా వంచేటప్పుడే అది కావాల. అప్పుడు కూడా స్వర్ణముఖి ఇసుకని జల్లించి, పెనంలో బాగా వేయించి పొయ్యాల. తడి ఉంటే ఆవిరి పుట్టి బిరడా తుపాకీ గుండులా ఎగురుతాది.

బండి మీదే గ్యాస్ మంట పెట్టనియ్యొద్దు, పెట్రోలు ట్యాంకు పక్కనే ఉంటాది. సైలెన్సర్ విప్పి ఆటోనగర్‌లో గ్యాస్ వెల్డింగ్ షాపుకి తీసుకపో. ఫ్లాంజిని దళసరి ఇనుప పలకకి రెండు బోల్టులతో బిగించి, ఆ పలకని వైస్‌లో (బల్లకి బిగించిన పట్టుకారులో) పట్టించు. ఫ్లాంజి మొహం వంకరపోకుండా కాపాడేది ఆ పలకే. ఫ్లాంజి వెల్డింగ్ నుంచి రెండంగుళాలు వదిలి, పైపు చుట్టూ రెండంగుళాల మేర ఎర్రగా కాల్చి, వెనక డబ్బానే పట్టుకుని మెల్లగా నెట్టాల. మందపాటి చేతి తొడుగులు మరవొద్దు. సుత్తితో కొడితే పైపు సొట్టపోతాది. క్రోమ్ ఉన్న చోట కాల్చొద్దు, రంగు మారి పాడవుతాది.

కొంచెం తేడా మిగిలిందనుకో, అప్పుడొక కిటుకు చెప్తా, ఇది నాకు శానా ఇష్టం. పైపు ఏ పక్కకి రావాలో ఆ పక్కన రూపాయి బిళ్ళంత చోటు మాత్రం ఎర్రగా కాల్చి వదిలెయ్యాల. వేడిలో ముందు అవతలికి పోతాది, చల్లారేటప్పుడు ఆ చోటు కుంచించుకుని ఇవతలికి లాగుతాది. మిల్లీమీటరో రెండో వస్తాది, ఇంకా కావాలంటే పక్కన ఇంకో చుక్క. నీళ్ళు పొయ్యొద్దు, పూర్తిగా చల్లారినాకే కొలువు.

పైపు చేత్తో పెడితే ఎవరూ లాగకుండానే రంధ్రాలన్నీ కలవాల. కలిస్తే, ముందర నట్లు కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించి, వెనక బోల్టులు పట్టించి, మళ్ళీ ముందరవి పూర్తిగా బిగించు. పొట్టి స్పానరే వాడు. స్కూటర్‌లో ఇంజినూ వెనక చక్రమూ సైలెన్సరూ కలిసే ఊగుతాయి కాబట్టి బాడీకి తగిలించి బ్రాకెట్ వెయ్యొద్దు. వెనక ఇద్దర్ని కూర్చోబెట్టి, బాడీకీ స్టాండుకీ తగులుతుందేమో చూడు. టైరుకి వేలు దూరేంత సందుండాల.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఫ్లాంజి చుట్టూ సబ్బు నీళ్ళు రాయి, బుడగలొస్తే లీకుండాదని. కాలిన చోట వేడికి తట్టుకునే రంగు వెయ్యి, లేకపోతే వానాకాలానికే తుప్పు తినేస్తాది. యాభై కిలోమీటర్లు తిరిగినాక చల్లగా ఉన్నప్పుడు నట్లు ఇంకోసారి చూడు. కొండకి పోయి మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలితే టప్ టప్‌మని పేలిందంటే, ముందు అనుమానించాల్సింది ముందర గ్యాస్కెట్‌నే.

పాత సైలెన్సర్‌ని ఈ పని అయ్యేదాకా పాత ఇనుముకి వెయ్యొద్దు. కొలతలకి అదే మూస.

నీ
మామ