గుట్ట కింద నీ మూడెకరాల సంగతి

దోస్తూ,

ఫోన్లో మొదలుపెడితే సగం చెప్పి సగం మర్చిపోతాను, నీకూ డ్యూటీ మధ్యలో వినే తీరిక ఉండదు. అందుకే కాగితం ముందేసుకున్నాను. రాత్రి పది దాటింది. వాకిట్లో మంచం మీద కూర్చుని రాస్తున్నాను.

ముందు అసలు విషయం. గుట్ట కింద నీ మూడెకరాల బీడు ఉంది కదా, దాని కోసం ఈ వారంలో నీకు ఫోన్ వస్తుంది. సోలార్ కంపెనీ తరఫున ఒకాయన తిరుగుతున్నాడు. మర్యాదగానే మాట్లాడతాడు. ఎకరానికి ఏడాదికి ముప్పై వేలు, ఇరవై అయిదేళ్ల లీజు. నా దగ్గరికి ఇప్పటికి మూడుసార్లు వచ్చాడు. వరుసగా నలభై ఎకరాలు దొరికితే పది మెగావాట్ల ప్లాంటు పెడతారట. నీ మూడెకరాలు సరిగ్గా మధ్యలో ఉన్నాయి, నువ్వు సంతకం పెడితే మిగతావాళ్లు కూడా మెత్తబడతారు. మనం కూర్చుని మాట్లాడుకునేదాకా పెట్టకు.

సోలార్ వద్దని ఈ మాట చెప్పడం లేదురా. నాకు సోలార్ కావాలి. ఎందుకు కావాలో నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మనం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మోటర్లకు కరెంటు రోజుకు ఏడు గంటలు, అదీ రెండు విడతలు. రాత్రి విడత ఒంటిగంటకో రెండింటికో వచ్చేది. మీ బాపు, మా చిన్నాయన ఒకే టార్చిలైటు పట్టుకుని పొలం పోయేవాళ్లు. మీ బాపుకు పాము కరిచిన రాత్రి నువ్వు మా ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చి తలుపు కొట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆయన బతికాడు. మరుసటి ఏడు మా చిన్నాయన తడి కాళ్లతో స్టార్టర్ ముట్టుకుని ఆ గట్టు మీదే పోయాడు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాక ఆ రాత్రి నడకలు తగ్గాయి. అయినా మా చిన్నమ్మ ఇప్పటికీ చీకటి పడ్డాక ఎవరినీ బావి దగ్గరికి పోనివ్వదు. ఎండతో నడిచే మోటరు పగటిపూటే నడుస్తుంది. చిన్నమ్మకు సోలార్ గురించి అర్థమైంది ఆ ఒక్కటే, ఆమెకు అది చాలు.

మొన్న సోమవారం రాత్రి పంచాయతీ ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చున్నాం. ఓ నలభై మంది వచ్చారు, ఆడవాళ్లు కూడా. కుర్రాళ్లు ముందే తీర్మానం చేసుకుని వచ్చారు, ప్లాంటు రావాల్సిందే, ఐటీఐ చదివినవాళ్లకు పని దొరుకుతుందని. ఎన్ని పనులని నేను అడిగాను. కట్టేటప్పుడు ఆరు నెలలు వంద మందికి, తర్వాత కాపలాకు, సోలార్ పలకలు తుడవడానికి, గడ్డి కోయడానికి నలుగురైదుగురికి అని ఆ మధ్యవర్తే నాతో చెప్పాడు. ఆ మాట చెబితే కొంచెం చల్లబడ్డారు.

తండా నుంచి వచ్చిన ఒక అక్క లేచి మాట్లాడింది. ఆ భూములు మీకు బీడే గానీ, వానలు పడిన ఏడు అక్కడ పత్తి వేస్తారు, ఏరడానికి మాకు కూలి దొరుకుతుంది, లీజు డబ్బులు పట్టాదారుకు వస్తాయి, మా కూలి ఎవరిస్తారు అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆమె వెనకాలే మేకల పెద్దాయన లేచాడు. నీకు తెలుసుగా, చిన్నప్పుడు మనకు జీడిపండ్లు తెచ్చిచ్చేవాడు. ప్లాంటు చుట్టూ కంచె వేస్తారు కదా, గుట్ట ఎక్కడానికి మేకలకు బాట ఏది అన్నాడు. అంతే అడిగి కూర్చున్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నలభై ఎకరాల కాగితాలన్నీ చూశాం, ఆ బాట మాత్రం మా ఎవరి బుర్రకూ తట్టలేదు.

రైతుల భయం వేరు. సోలార్ మోటర్లు అంటగట్టి, తర్వాత ఉచిత కరెంటు తీసేస్తారని. మోటర్లకు మీటర్లనే మాట వినబడితే చాలు, మనవాళ్లకు టెన్షన్. తప్పు పట్టను. 2004 నుంచి ఉన్న సదుపాయం, దాన్ని నమ్ముకునే కదా బత్తాయి తోటలు పెట్టింది. కానీ నేను ఇంకో మాట కూడా చెప్పాను. కరెంటు నిరంతరం వచ్చాక, కరెంటు రాగానే మోటరును తనంతట తానే నడిపే ఆటో స్టార్టర్లు పెట్టి రాత్రింబవళ్లు నీళ్లు తోడాం, తీసేయండని సర్కారే బతిమాలాల్సి వచ్చింది. మా తోటలో రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోది ఏడు వందల అడుగుల లోతుకు దిగింది. సోలార్ మోటరు వచ్చినా అదే అలవాటుతో నడిపితే ఆ మూడో బోరు కూడా ఎండిపోతుంది. మిగిలిన కరెంటును లైనుకు పంపితే డబ్బులు వస్తాయనుకో, అప్పుడు తోట తడిశాక మోటరు ఆపాలని ఎవరికైనా అనిపిస్తుంది. లోతు బోర్ల మాట కూడా అక్కడే వచ్చింది. పొద్దున ఎండ పలచగా ఉన్నప్పుడు అంత లోతు నుంచి నీళ్లు ఎక్కవు. ఆ అనుమానం నిజమే. పోడు భూముల సంగతి వేరు, అక్కడ అసలు లైన్లే లేవు. 2025 మేలో అమ్రాబాద్ మండలం మాచారంలో మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం కింద గిరిజన రైతులకు పూర్తి సబ్సిడీతో సోలార్ పంపులు ఇస్తామన్నారు. మన తండావాళ్లు కూడా దాని కోసమే అడుగుతున్నారు.

ఇంటి మీది పలకల ముచ్చట తక్కువలోనే తేలిపోయింది. కేంద్రం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఎండ బాగుంటే రోజుకు పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి. అయితే మన ఊళ్లో సగం ఇళ్లకు గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తోంది. బిల్లే లేనప్పుడు అప్పు చేసి పలకలెందుకు అంటారు, న్యాయమే. ఇక కోతులు. మన ఊరి కోతులకు పెంకు దక్కదు, అద్దం దక్కుతుందా అని ఆడవాళ్లు అడిగారు. దుమ్ము కడగాలన్నా మన బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, ఆరితే తెల్లటి పొర కడుతుంది. ఇవన్నీ చిన్న మాటలుగా తీసిపారేయకూడదు. పలకల మీద ఎండ పడకుండా చేసేవి ఇవే.

ఆదివారం నలుగురం బండ్ల మీద డిండి దాటి వంగూరు మండలం కొండారెడ్డిపల్లికి పోయి వచ్చాం. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు అది. ఊరు ఊరంతా డాబాల మీద పలకలే. చూస్తే ముచ్చటేసింది. ఒక ఇంటామె మీటరు చూపించి, మేం వాడుకోగా మిగిలింది లైనులోకి పోతుందమ్మా అని మా ఆవిడకు ఓపికగా వివరించింది. ముఖ్యమంత్రి ఊరు కాబట్టి అక్కడ పనులు వేగంగా అయ్యాయి, మన దగ్గర అంత వేగంగా కావని తెలుసు. అయినా కళ్లతో చూశాక మాతో వచ్చిన ఇద్దరికి నమ్మకం కుదిరింది.

దారి పొడుగునా మా ఆవిడ ఒకటే మాట. వాళ్లది కొల్లాపూర్ వైపు కదా. వాళ్ల అమ్మమ్మ ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. నీళ్ల కరెంటు మంచిదని అందరూ అంటారు, మా అమ్మమ్మను అడిగితే చెప్పేది అంటుంది. ఎడమగట్టు పవర్‌హౌస్‌లో 2020 ఆగస్టులో మంటలొచ్చి తొమ్మిది మంది చనిపోయిన రోజు మా ఆవిడ అన్నం ముట్టలేదు. ఈ నేల మీద కరెంటు కోసం ఏది వచ్చినా మనవాళ్లు ముందు జడుసుకోవడానికి కారణాలున్నాయి దోస్తూ. లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం తవ్వుతామంటే జనం ఎదురు తిరిగారు. 2019లో నల్లమలలో మళ్లీ అదే మాట వస్తే అమ్రాబాద్ అంతా రోడ్డెక్కింది, ఆ సెప్టెంబరులో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ చూడు. ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున అయిదు యూనిట్లు. బొగ్గేమో ఎక్కడో గోదావరి ఒడ్డు నుంచి రైల్లో రావాలి, బూడిదేమో ఇక్కడే మిగులుతుంది. మా బావమరిది అక్కడ కాంట్రాక్టు పని చేస్తున్నాడు, వాడి పిల్లల ఫీజులు ఆ జీతంతోనే కడుతున్నారు. అందుకే బొగ్గును ఒక్క మాటతో తిట్టేయడం నాకు చేతకాదు. రాత్రి ఫ్యాన్ తిరగాలి కదా అని వాడంటాడు. దానికి జవాబు కూడా మన దగ్గరే ఉంది. సాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టులో వెనక్కి తిరిగే టర్బైన్లున్నాయి. పగలు మిగిలిన కరెంటుతో కింది నీళ్లను పైకి ఎత్తి, చీకటి పడ్డాక అవే నీళ్లను దింపి కరెంటు తీయొచ్చు. రాష్ట్రం 2030 నాటికి ఇంకో 20,000 మెగావాట్ల హరిత విద్యుత్తు కలుపుతామని 2025లో పాలసీ తెచ్చింది. అంత కరెంటుకు భూమి కావాలి. ఎండ ఎక్కువ, నీళ్లు తక్కువ ఉన్న నల్లగొండ, పాలమూరు బీళ్లే అందరి కంట్లో పడతాయి. మన గుట్ట కింది దాకా ఆ మనిషి వచ్చింది అందుకే.

ఇప్పుడు లెక్క చెప్తాను, జాగ్రత్తగా చదువు. ఒక మెగావాట్‌కు నాలుగెకరాలు. లీజుకిస్తే ఆ నాలుగెకరాలకు మనకొచ్చేది ఏడాదికి లక్షా ఇరవై వేలు. అదే ప్లాంటు ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు తీస్తుంది. కుసుమ్ పథకంలో రైతులు గానీ, మహిళా సంఘాలు గానీ సబ్‌స్టేషన్ దగ్గర్లో రెండు మెగావాట్ల దాకా సొంతంగా పెట్టుకోవచ్చు, మన రాష్ట్రంలో కరెంటు సంస్థ యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలిచ్చి కొంటుంది. గుణించి చూడు, దాదాపు 47 లక్షలు. పెట్టుబడి కోట్లలోనే అవుతుంది, బ్యాంకు వాయిదాలే అందులో పెద్ద భాగం తినేస్తాయి, అది దాచను. పూచీ ఏం పెడతారని బ్యాంకు అడుగుతుంది. అప్పు తీరే దాకా చేతికి పెద్దగా రాదు. కానీ అప్పు తీరాక ఆ పలకలు, ఆ నేల మన పిల్లలవి. లీజులో ఇరవై అయిదేళ్లు కంచె బయట నిలబడి చూడాలి. అప్పటికి మనకు అరవై దాటుతుంది.

సంఘం ఆడవాళ్లు ఈ లెక్క పట్టుకుని కూర్చున్నారు. ఊరి పొదుపు సంఘాలన్నీ కలిసి ఒక మెగావాట్ పెడితే ఎలా ఉంటుందని మా ఆవిడే ముందు అడిగింది. మా అమ్మ కూడా అప్పు మాట వినగానే వద్దనే మనిషి, ఈసారి ఏమీ అనలేదు. నా రెండెకరాలు ఇస్తాను. నీ మూడెకరాల్లో రెండు కలిస్తే నాలుగవుతాయి. మిగిలిన ఎకరం గుట్ట వైపు ఖాళీగా వదిలేస్తే మేకల పెద్దాయనకు బాట దొరుకుతుంది. పలకలు కొంచెం ఎత్తుగా పెట్టి కింద గడ్డి పెరగనిస్తే, మేకలు కాకపోయినా గొర్రెలు మేస్తాయని కూడా అంటున్నారు. తండా అక్క అడిగినదానికి మాత్రం ఇంకా నా దగ్గర సరైన జవాబు లేదు. తుడిచే పని, గడ్డి పని ముందు వాళ్లకే ఇవ్వాలని కాగితంలో రాయిద్దామనుకుంటున్నాను. అది చాలదని నాకూ తెలుసు. నీకేమైనా తోస్తే చెప్పు.

నువ్వు వద్దన్నా నేను బాధపడను. వనస్థలిపురం ఇంటి వాయిదాలు నీకు ఎంత భారమో నాకు తెలుసు, ఏడాదికి తొంభై వేలు చేతికి వస్తే నీకు ఆసరా. ఆ డబ్బే ముఖ్యమనుకుంటే అట్లాగే చెయ్యి, కానీ లీజు కాగితం తెలిసిన వకీలుకు చూపించి చెయ్యి. మధ్యలో కంపెనీ చేతులు మారితే ఎవరిని అడగాలి, చివర్లో ఇనుప స్తంభాలు, సిమెంటు దిమ్మెలు ఎవరు తీస్తారు, ఈ రెండూ రాసి ఉన్నాయో లేదో చూడు. నాకిచ్చిన నకలులో లేవు.

వచ్చే శనివారం సాయంత్రం దేవరకొండ బస్సెక్కు, స్టాండు దగ్గర బండితో ఉంటాను. అమ్మ సర్వపిండి చేస్తానంది. మీ అక్కను కూడా ఒక మాట అడుగు, ఆ భూమిలో ఆమెకూ వాటా ఉంది. పాస్‌బుక్ తెచ్చుకో. మీ బాపు ఇనుప పెట్టెలో పాత నక్షా ఒకటి ఉండేది, అదీ వెతికి తీసుకురా. మేకల బాట దాంట్లో గీసి ఉందేమో చూడాలి.

నీ దోస్తు