ఊదితే పాఠం తలకిందులు

సంపాదక మహాశయా,

పరిసరాల విజ్ఞానంలో శ్వాస పాఠం రాగానే చాలా బళ్లలో సీసా, బెలూన్లతో ఊపిరితిత్తుల నమూనా తయారవుతుంది. తీరా క్లాసులో టీచరే స్ట్రాలోకి నోటితో ఊదుతారు. లోపలి బెలూను ఉబ్బుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. గాలి దూరి ఊపిరితిత్తుల్ని ఉబ్బిస్తుందని వాళ్లకు స్థిరపడిపోతుంది. జరిగేది వేరు. ఛాతీ అడుగున గొడుగులా ఉండే ఉదరవితానం కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకి లేస్తాయి, లోపల చోటు పెరుగుతుంది. ఆ చోటులోకే గాలి వస్తుంది. అంచేత ఊదకూడదు, సీసా అడుగున బిగించిన బెలూను పొరను కిందికి లాగాలి.

లాగితే ఉబ్బడం లేదనే ఊదుతున్నారు. తప్పు ఎక్కువగా సీసాది. పల్చటి నీళ్ల సీసా అయితే పొర లాగగానే గోడలే లోపలికి నొక్కుకుపోతాయి. గట్టి కూల్‌డ్రింక్ సీసా తీసుకోవాలి. మూతలో స్ట్రా చుట్టూ సందు మిగిలినా అంతే. దానికి సెల్లోటేపు చాలదు, ఎంసీల్ పెట్టి ఆరనివ్వాలి. సీసా కోసిన అంచుకు టేపు చుట్టకపోతే పొర చిరుగుతుంది. చిరిగిన బెలూను ముక్కలు వెంటనే ఏరెయ్యండి. నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. సీసాకు పక్కటెముకల కదలిక లేదు కాబట్టి, పిల్లల చేతులు వాళ్ల డొక్కల మీదే పెట్టించి గట్టిగా ఊపిరి పీల్చమనాలి. ఊపిరితిత్తి బెలూనులా డొల్ల కాదనీ, స్పంజిలాంటిదనీ కూడా అప్పుడే చెప్పాలి.

నాడి చూపించేటప్పుడు బొటనవేలు వద్దు, దాని నాడే దానికి కొట్టుకుంటుంది. చూపుడు వేలూ నడిమి వేలూ మణికట్టు మీద, బొటనవేలి వైపు ఆనించాలి. 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణిస్తే ఒక్క దెబ్బ తప్పినా జవాబు నాలుగు తేడా వస్తుంది. నిమిషమంతా లెక్కించడమే మేలు. నాడి దొరకని పిల్లలకు శనగగింజంత మైనంలో అగ్గిపుల్ల గుచ్చి అక్కడ పెడితే పుల్ల ఊగడం కంటికే కనిపిస్తుంది. తర్వాత అర నిమిషం గెంతించి మళ్లీ లెక్క. ఉబ్బసం ఉన్న పిల్లలకు గెంతులొద్దు, లెక్క రాసే పని ఇవ్వండి.

పెద్దవాళ్ల చిన్నపేగు సుమారు 6 మీటర్లు. అంకె చెబితే పిల్లలకు అందదు. వరండాలో ఐదున్నర మీటర్ల చీర పరిచి, ‘ఇంకో అర మీటరు కావాలి’ అనండి. ఆ చీరనే మడిచి బడి సంచిలో కుక్కమనండి. పేగు మడతలెందుకో వాళ్లే చెబుతారు.

మీ పిల్లల పేజీకి ఒక మనవి. రక్తనాళాల బొమ్మలో సిరలకు నీలం వేసినప్పుడు అది గుర్తు కోసం వేసిన రంగని కింద రాయండి. సిరల్లోని రక్తమూ ఎరుపే, కాస్త ముదురు. గుండెను పూర్తిగా ఎడమ పక్కకు నెట్టకండి. అది రొమ్ము ఎముక వెనక దాదాపు మధ్యలో ఉంటుంది, కొన మాత్రమే ఎడమకు వాలుతుంది.

– కొందరు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు, నల్గొండ జిల్లా